బ్రేకు వదలని పచ్చ కారు

మేడ మీది గది

పిన్నీ,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. నీ పచ్చ కారు ముందు చక్రాలకి కొత్త బ్రేకు ప్యాడ్లు వేశాను. మెకానిక్కు వెయ్యలేదు, మెకానిక్కు వేస్తుంటే పక్కన నిలబడి టార్చి పట్టుకోలేదు. నేనే వేశాను!

మొదటి బోల్టు వదలడానికి వీల్ పానా మీదికెక్కి గెంతాల్సి వచ్చింది. ఆ గెంతులు చూడటానికి ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ ఊడదీశాక, నువ్వెప్పుడో చెప్పినట్టు, దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైన కట్టాను. పిస్టన్‌కి పాత ప్యాడ్ అడ్డం పెట్టి, వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన క్లాంపుతో మెల్లగా వెనక్కి నెట్టాను. అది లోపలికి వెళ్తుంటే పైన డబ్బాలో ఆయిల్ లేచింది పిన్నీ! ఇక్కడ నొక్కితే అక్కడ పొంగింది. ఈ పాఠం చదివి, పరీక్ష రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. నిజమేనని మాత్రం ఆ రోజే నమ్మాను.

సంబరం అయింది, ఇక ఏడుపు. బ్రేకు వదలడం లేదు. పొద్దున తీస్తే బాగానే పోతుంది. కాసేపు తిరిగేసరికి ఎవరో వెనక నుంచి బంపరు పట్టుకుని లాగుతున్నట్టు బరువెక్కుతుంది. ఇస్త్రీపెట్టె బట్ట మీద మరిచిపోతే వచ్చే వాసన వస్తుంది. చక్రం దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు కదులుతుంది. పక్క వీధి మెకానిక్కుని పిలిచాను. నువ్వెరుగుదువుగా, ఏది చూపించినా "మార్చేద్దాం" అంటాడని మనం మార్చేద్దాం మావయ్య అని పిలిచే ఆయన. బానెట్టు ఎత్తకముందే కాలిపర్లు మార్చేద్దాం అన్నాడు. ఎత్తాక పంపు కూడా మార్చేద్దాం అన్నాడు. ఇంకాసేపు ఉంటే నన్ను కూడా మార్చేసేవాడు.

ఇక్కడ ఇంకో వార్త. అమ్మ పనిచేసే లైబ్రరీ శాఖ మూసేస్తున్నారు. దాని బదులు పుస్తకాల వ్యాను ఒకటి వీధివీధికీ తిరుగుతుందట. వ్యాను నడపగలిగినవాళ్ళకే ఆ ఉద్యోగం. వానలు వెనకబట్టేలోగా లైసెన్సు చూపించాలి. పక్క శాఖలో ఒకాయన జేబులో లైసెన్సు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అమ్మ చేత్తో అట్టలు వేసిన పుస్తకాలు ఎవరో వేసుకు తిరగడమేమిటని నాకు ఒళ్ళు మండుతోంది. అమ్మ మాత్రం ఏమీ అనదు. నీకు తెలుసుగా.

కారు నాకు త్వరగా బాగవ్వాలి. ఎందుకని అడగకు.

నీ సుడిగాలి

*

కొండ మీద, పంకాల షెడ్డు

ఒసేయ్ సుడిగాలీ,

నీ ఉత్తరం సరుకుల లారీలో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని వచ్చింది. చదివి ఎంత గట్టిగా కేక వేశానంటే సొరంగంలో పనివాళ్ళు తమకి గాలి పంపే నా పంకా ఆగిపోయిందనుకుని బయటికి పరుగెత్తుకొచ్చారు. పానా ఎక్కి గెంతావా! శభాష్. నీ వయసులో నేను దాని మీద ఎక్కి, జారి, పక్కనున్న నీళ్ళ తొట్టిలో పడ్డాను. నా కంటే మెరుగే.

ఇక్కడ ఫోను మోగదు కాబట్టి మన కారుకి వైద్యం ఉత్తరాల్లోనే. నాడి నువ్వు చూడు, మందు నేను రాస్తాను. మావయ్యని దగ్గరికి రానివ్వకు. తలనొప్పికి తల మార్చేద్దాం అనే రకం.

మొదట కాలిపర్ జారే పిన్నులు చూడు. బయటికి లాగి, తుడిచి, బ్రేకులకి వాడే గ్రీజు పల్చగా రాసి పెట్టు. వేలితో తోస్తే అటూ ఇటూ జారాలి. తర్వాత ప్యాడ్ చెవులు కూర్చునే గాడులు. అక్కడ తుప్పు ఉంటే కొత్త ప్యాడ్ ఇరుక్కుని డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. గీకి శుభ్రం చెయ్యి. ఆయిల్ గీత దాటి పోశావేమో చూసుకో. ఇవన్నీ అయ్యాక కూడా పట్టేస్తే అప్పుడు అసలు పరీక్ష. కారు బాగా పట్టేసినప్పుడు ముందు భాగం జాకీ మీద ఎత్తి, కింద గట్టి దిమ్మలు పెట్టు. జాకీని నమ్మకు, అది చుట్టంలాంటిది, ఎప్పుడు వెళ్ళిపోతుందో చెప్పలేం. కాలిపర్ వెనక గాలి తీసే చిన్న స్క్రూ ఉంటుంది. దానికి గొట్టం తగిలించి, చివర సీసాలో పెట్టి, పావు తిప్పు తిప్పు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్న మాట. వదల్లేదా, రోగం కాలిపర్లోనే. రెండో చక్రానికీ అదే చెయ్యి. ఒక వైపేనా, రెండు వైపులానా? అదే నాకు కావలసింది.

ఇంకో మాట. నేను ఇక్కడికి వచ్చేముందే ఆ చక్రాలకి కొత్త ప్యాడ్లు వేశాను. వారానికోసారి స్టార్టు చేసి వీధి చివరిదాకా తీసుకెళ్ళి రమ్మన్నాను. అలా తిరిగే కారుకి ప్యాడ్లు ఎలా అరిగిపోయాయే?

అక్క సంగతి చదివి మనసు అదోలా అయింది. తనకి ఆ పుస్తకాలంటే ప్రాణం.

పిన్ని

*

మేడ మీది గది, బయట వాన

పిన్నీ,

ఒత్తిడే! ఒత్తిడే చిక్కుకుంది! రెండు వైపులా!

పిన్నులు తీశాను, గ్రీజు రాశాను, వెన్నలో కత్తిలా జారుతున్నాయి. గాడులు గీకాను. ఆయిల్ గీతకి కిందే ఉంది. అయినా కాసేపు తిప్పేసరికి ఉడుంపట్టు పట్టేసింది. దిమ్మల మీద ఎత్తి చక్రాన్ని రెండు చేతులతో తోశాను. కదల్లేదు, నేనే వెనక్కి జారాను. అప్పుడు ఆ స్క్రూ తిప్పాను. గొట్టంలోంచి సీసాలోకి చివ్వున కొట్టింది, చక్రం నా చేతుల్లోనే తిరిగిపోయింది. అరిచేశాను. రెండో వైపు కూడా సరిగ్గా అంతే. నేను ఉద్యోగం వదిలేసినప్పుడు "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే" అన్న ప్రతివాళ్ళనీ వరసగా నిలబెట్టి ఆ చివ్వుమన్న చప్పుడు వినిపించాలనిపించింది.

తర్వాత ఆయిల్ గొట్టాల్లో గాలి లేకుండా చెయ్యాలిగా, అమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. "తొక్కాను", "వదిలాను" అని ఆవిడ అరుపులు, "ఇంకోసారి" అని నా అరుపులు. వానకి వీధంతా తలుపులు వేసుకున్నారు గానీ లేకపోతే మా ఇద్దరికీ ఏదో పట్టిందనుకునేవారు. "క్లచ్చి కాదుగా, బ్రేకేగా?" అని అడిగింది అమ్మ. తెలిసే అడిగిందిలే.

ఇంకో చిన్న మరమ్మతు కూడా చేశాను, ఎవరూ చెప్పకుండానే. వెనక ఎర్ర దీపాలు ఆరడం లేదని ఎదురింటావిడ చెప్పింది. ఎవరూ బ్రేకు తొక్కకపోయినా వెలుగుతూనే ఉన్నాయి. పెడల్ పైన చిన్న స్విచ్చి ఉంటుందని పుస్తకంలో చూసి, తలకిందులుగా దూరి, దాని మర కొంచెం ముందుకి తిప్పాను. ఆరిపోయాయి! చూశావా, బుర్ర ఎలా పనిచేస్తోందో.

ప్యాడ్లు ఎందుకు అరిగాయంటే, ఏమో పిన్నీ, ఈ కాలం సరుకే అంత.

గడువు దగ్గరపడుతోంది. ఏదో ఒకటి త్వరగా చెప్పు.

సుడిగాలి

*

పంకాల షెడ్డు, లారీ హారన్ మధ్య

ఒసేయ్, ఒసేయ్, ఒసేయ్!

లారీ డ్రైవరు గుమ్మంలో హారన్ కొడుతున్నాడు. ఆగవయ్యా, ఇక్కడ దొంగ దొరికాడు అని అరిచి రాస్తున్నాను.

ఆ దీపాలు! ఎర్ర దీపాలే సాక్షి, నువ్వు వెళ్ళి సాక్షి నోరు నొక్కేశావు! బ్రేకు తొక్కినట్టు కారుకి అనిపిస్తేనే అవి వెలుగుతాయి. ఎవరూ తొక్కకుండా వెలిగాయంటే పెడల్ పూర్తిగా పైకి రావడం లేదు. చూడు, పెడల్ వెనక పెద్ద పంపులో ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోవడానికి సూదిమొనంత దారి ఉంటుంది. పెడల్ పూర్తిగా పైకి లేస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. వెంట్రుకవాసి దిగి ఉన్నా మూసుకుపోతుంది. కారు తిరిగేకొద్దీ ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, వెనక్కి పోయే దారి లేదు, ప్యాడ్లని నొక్కుతుంది. నొక్కితే ఇంకా వేడి. చల్లారితే వదులుతుంది. రెండు వైపులా ఒకేలా ఎందుకు పట్టిందో తెలిసిందా? రెంటికీ మూలం ఆ ఒక్క చోటే. నీ ప్యాడ్ల తప్పు కాదు, కాలిపర్ల తప్పు కాదు, పాపం నీ తప్పు కూడా కాదనుకున్నాను, కానీ ఆగు.

నేను అప్పగించినప్పుడు ఆ పెడల్ బాగా లేచేది. కింద చాప కూడా లేదు అడ్డం పడటానికి. మరి దాన్ని ఏది పట్టుకుని ఆపుతోంది? నా కారుకి ఏం తగిలించావు?

పైగా ప్యాడ్లు అరిగాయి. పైగా డ్రైవరు సీట్లో కూర్చోమంటే ఏనాడూ తలుపు దగ్గరికి కూడా రాని మా అక్క, క్లచ్చికీ బ్రేకుకీ తేడా అడుగుతోంది. ఇక్కడ కొండని తొలిచే పని చేస్తున్నానే, నీ కడుపులో మాట తొలవడం నాకో లెక్కా?

స్విచ్చి మళ్ళీ మునుపటిలా పెట్టు. అన్నీ రాయి. అన్నీ.

పిన్ని

*

మేడ మీది గది

పిన్నీ,

రాస్తున్నాను. అమ్మకి చెప్పే రాస్తున్నాను. "పాసయ్యాక చెబుదాం, ఇప్పుడే చెబితే మీ పిన్ని లారీకో ఉపదేశం పంపిస్తుంది, వాటిని చదవడానికే సెలవు పెట్టాలి" అని ఆవిడే నా నోరు కట్టేసింది. నీ చివరి ఉత్తరం చూపిస్తే చాలాసేపు నవ్వి, "దానికి చిన్నప్పటి నుంచీ ముక్కు పొడుగు" అంది.

అవును. అమ్మ డ్రైవింగు నేర్చుకుంటోంది. నీ కారు మీదే. వ్యాను ఉద్యోగం తనకే కావాలంది, గట్టిగా అంది, నేను పుట్టాక ఆవిడ ఏదైనా తనకి కావాలనడం అదే మొదటిసారి.

మూతపడిన మిల్లు ఆవరణలో నేర్పిస్తున్నాను. మొదటివారం గోడ వైపు వెళ్తుంటే "బ్రేకు, బ్రేకు" అని అరవడం తప్ప పక్క సీట్లో నాకు పనేం లేదు. ఆ భయంతో గేట్లు చేసే వెల్డింగ్ అన్న దగ్గరికి వెళ్ళాను. తుక్కులో దొరికిన పెడల్ ఒకటి నా వైపు బిగించాడు. అక్కడి నుంచి నీ బ్రేకు పెడల్‌కి అడ్డంగా, మర తిప్పి బిగించే రాడ్డు. నేను తొక్కితే అమ్మ వైపు బ్రేకు పడుతుంది. అన్న "కొంచెం ఆట ఉంచమ్మా" అన్నాడు. నేనే వినలేదు. అమ్మ గోడ వైపు తిప్పితే నా కాలికీ బ్రేకుకీ మధ్య రవ్వంత ఖాళీ కూడా ఉండకూడదనుకున్నాను. ఉన్న ఖాళీ అంతా లాగి బిగించేశాను. అలా రాసుకుని రాసుకుని నీ ప్యాడ్లు అరిగాయి. కొత్తవి వేశాకే పట్టు గట్టిగా తెలిసింది, నింద వాటి మీద పడింది.

నీ ఉత్తరం చదివిన వెంటనే కిందికి పరుగెత్తి రాడ్డు మర వదులు చేశాను. టక్ మని పెడల్ పైకి లేచింది, పిన్నీ! వేలెడు కూడా కాదు, గోరంత. స్విచ్చి సరిచేశాను, దీపాలు తొక్కితే వెలుగుతున్నాయి, వదిలితే ఆరుతున్నాయి. ఊరంతా తిప్పి, ఆపి, చక్రం పైకెత్తి ఒక్క వేలితో తోశాను. తిరుగుతోంది, తిరుగుతోంది, నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చినా ఇంకా తిరుగుతున్నట్టే ఉంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మార్చేద్దాం మావయ్యని పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "పోనీ టైరైనా మార్చేద్దామా?" అన్నాడు.

ఇక్కడిదాకా శుభవార్త. దీని తర్వాతది చదవడానికి మళ్ళీ కూర్చో.

అమ్మని మిల్లుకి తీసుకెళ్ళాను. అలవాటు ప్రకారం ఆవిడ యాక్సిలరేటరు గట్టిగా తొక్కి క్లచ్చి వదిలింది. ఇన్నాళ్ళూ బ్రేకు పట్టిన కారుని తోసుకుంటూ నేర్చుకుంది కదా. ఇప్పుడు పట్టేది ఏదీ లేదు. కట్టు విప్పిన దూడలా దూకింది. ఖాళీ పీపాల వరస బంతుల్లా చెల్లాచెదురయింది. రాడ్డు వదులుగా ఉందిగా, నా కాలు బ్రేకు అందుకునేసరికి ఇంకో పీపా పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నీ బంపరుకి ఒక సొట్ట. అమ్మ ఇంజను ఆపి, తాళం నా ఒళ్ళో పెట్టి, "ఇది నేను నేర్చుకున్న కారు కాదు. ముందులాగే బిగించు" అంది.

"అలా బిగిస్తే చక్రాలు కాలిపోతాయమ్మా."

"అయితే నా వల్ల కాదు. రేపు ఆఫీసులో చెప్పేస్తాను, ఆ లైసెన్సాయనకే ఇచ్చేయమని."

మూడు నెలలు నేర్చుకున్నదంతా నేను ఒక్క మరతో చెరిపేశాను. వంటింట్లో గిన్నెలు తోమినవే తోముతోంది. లైసెన్సు పరీక్ష వచ్చే వారం కాక ఆ పై వారమే. ఏం చెయ్యను? వెంటనే రాయి. లారీవాణ్ణి తొందరపెట్టు.

సుడిగాలి

*

పంకాల షెడ్డు

అక్కా,

ఇది నీకే. నీ కూతురు తర్వాత చదువుకుంటుంది.

నువ్వు స్టీరింగు పట్టుకున్నావని తెలిసి ఈ షెడ్డులో ఒక్కదాన్నే గెంతాను. అన్నం వండే ఆయన వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఉపదేశం ఒక్కటే, లారీకి సరిపడా కాదు. యాక్సిలరేటరు మీద కాలు అసలు పెట్టకు. చదునైన చోట, మొదటి గేరులో, క్లచ్చి ఒక్కటే నెమ్మదిగా వదులు. ఆ కారు తనంతట తానే కదులుతుంది. ఇన్నాళ్ళూ కదల్లేదు, అందుకే నువ్వు తొయ్యాల్సి వచ్చింది. నడక వచ్చిన మనిషివి, బురదలో నేర్చుకున్నావు, అంతే. గట్టినేల మీద కాళ్ళు కాస్త తడబడతాయి. రోజూ అలా ఊరికే కదలనిచ్చి, ఆపి, మళ్ళీ కదలనివ్వు. కాలికి తెలిసిపోతుంది. బ్రేకు పట్టిన కారుని మిల్లంతా తిప్పినదానివి, నీ కంటే ఎక్కువ బరువు లాగిన డ్రైవరు మన వంశంలో లేడు. నేను కూడా కాదు.

సొట్ట గురించి ఆలోచించకు. కారుకి అది అందమే.

సుడిగాలీ, నీకు: ఆ రాడ్డు ఊడదీసి అటక మీద పడెయ్యి. పరీక్షకి ఎలాగూ ఉండకూడదు. ముందే తీసెయ్యి, తీసేశావని అమ్మకి చూపించు. తర్వాత పక్క సీట్లో కూర్చుని నోరు మూసుకో. మొదటిది నీకు తేలిక, రెండోది కష్టం.

ఒక సంగతి మీ ఇద్దరికీ చెప్పలేదు. సొరంగం అవతలి వైపుకి తేలింది. వెలుతురు కనబడింది. నా పని ఇంకో నెలే. కారు తీసుకోవడానికి నేను వస్తానని ఆందోళన వద్దక్కా. వచ్చినా పక్క సీటే నాది.

నీ చెల్లి

*

లైబ్రరీ వ్యాను, ముందు సీటు

చెల్లీ,

నేను నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. పిల్ల రాస్తానంది, నేనే కలం లాక్కున్నాను.

నువ్వు చెప్పినట్టే కాలు తీసేసి కూర్చున్నాను. క్లచ్చి వదిలితే కారు తనంతట తాను కదిలింది. నేను ఏమీ చెయ్యకుండా ముందుకి పోతుంటే భయం వేసింది, ఆ తర్వాత నవ్వు వచ్చింది. మిల్లంతా అలా నడక వేగంతో తిరిగాం. మన పక్క సీటు డ్రైవరు రాడ్డు తీసి నా కళ్ళముందే అటక మీద పెట్టింది. పెదాలు బిగించుకుని కూర్చుంది పాపం, ఎర్రగా అయిపోయింది.

పరీక్ష రోజు నా ముందు వెళ్ళినాయన ఎత్తు మీద బండి ఆపి, మళ్ళీ తియ్యబోయి వెనక్కి జారాడు. నా వంతు వచ్చింది. పరీక్షాధికారి ముఖం చూడలేదు, ఎత్తు మీద ఆపాను. చేతి బ్రేకు లాగాను. క్లచ్చి అంచు మీదికి తెచ్చాను. కారు ముక్కు కొంచెం పైకి లేచింది. ఇన్నాళ్ళూ ఈ గొడవలో ఆ కారు ఎప్పుడు పట్టిందో ఎప్పుడు వదిలిందో ఒంటికే తెలిసిపోయినట్టుంది. వదిలాను. వెనక్కి గోరంత కూడా జారలేదు. అధికారి ఏదో రాసుకుంటూ, "ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు. "బ్రేకు పట్టిన కారు" అన్నాను. అర్థం కాలేదు ఆయనకి. సంతకం మాత్రం పెట్టాడు.

ఉద్యోగం నాదే. వ్యానుకి తెల్ల రంగు, లోపల రెండు వైపులా అరలు. మలుపు తిరిగితే పుస్తకాలు పడకుండా అడ్డంగా కర్రపట్టీలు కొట్టించాను. ఈ రోజు మొదటి తిరుగుడు. సర్దడానికి సాయం వస్తానని పిల్ల పక్కన కూర్చుంది. మలుపు వచ్చిన ప్రతిసారీ కుడికాలితో నేలని తొక్కుతోంది. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. ఎదురుగా సైకిలు వస్తే తొక్కింది, కుక్క వస్తే తొక్కింది, నేను అప్పటికే ఆపేసిన చోట కూడా తొక్కింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. మార్కెట్టు దాటి, బడి దాటి, పెద్ద రోడ్డు మీదికి వచ్చాం. కాసేపటికి చూస్తే కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని, కిటికీ అద్దం దించి, గాలికి ముఖం పెట్టి కూర్చుంది.

"అమ్మా, ఇంకాస్త వేగంగా పోనివ్వచ్చుగా" అంది.

పోనిచ్చాను.

మీ అక్క